ఎర్తు లేని గుండిగ

వంటింటి నేల సగం తుడిచాను. గుడ్డను బకెట్‌లో ముంచి పిండి, మోకాళ్ళ మీద వెనక్కి జరుగుతూ సింకు వారకు వచ్చాను. అక్కడ చెక్కబల్ల మీద బావ గుండిగ ఉంది. బల్ల కింద నాలుగు నీటి చుక్కలు కనిపిస్తే అద్దడానికి చెయ్యి చాపాను. మణికట్టు వెనక భాగం గుండిగకు తగిలింది.

లోపల నరాన్ని ఎవరో మోచేతి దాకా లాగి వదిలినట్టయింది. గుడ్డ జారి కింద పడింది.

 తర్వాత గుడ్డను దూరంగా నెట్టి, చెయ్యి ఓణీకి తుడుచుకుని, వేళ్ళ వెనక వైపుతో మళ్ళీ ఒకసారి తాకి చూశాను. అనుమానం ఉన్న వస్తువును అరచేత్తో పట్టుకోకూడదని మా నాన్న పంపుసెట్టు దగ్గర నేర్పాడు. అరచేత్తో పట్టుకుంటే వేళ్ళు ముడుచుకుని వదలవు. వెనక వైపుతో తాకితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. నా చెయ్యి వెనక్కి వచ్చింది.

అది శనివారం ఉదయం. దేశం కాని దేశంలో, టాంపినీస్ అనే పేటలో మా అక్క శ్రీలేఖ వాళ్ళ ఫ్లాట్. అక్కకు ఆరో నెల. తోడుగా ఉండడానికని టెక్కలి దగ్గర మా ఊరి నుంచి నేను వచ్చి రెండు నెలలైంది. బావ కృష్ణప్రసాద్ ఒక బ్యాంకు ప్రాజెక్టులో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆ రోజుల్లో వాళ్ళ ఆఫీసులో హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి వారానికి ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు దిగేవారు. ఎవరి కాంట్రాక్టు ఎన్నాళ్ళుంటుందో ఎవరికీ తెలియదు. బావ మేనేజరుకు ఇంట్లోనే బీరు కాచుకునే సరదా ఉంది. ఇంట్లో వాడకానికి కాచుకోవచ్చని అంతకు రెండేళ్ళ ముందే ఇక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. దాంతో ఆఫీసులో నలుగురైదుగురు ఆ పనిలో పడ్డారు. బావ పడితే సగంలో ఆగే మనిషి కాదు. వాళ్ళలా సామాను కొనుక్కుంటే గొప్పేముంది, నేనే తయారు చేస్తానని నలభై లీటర్ల స్టీలు గుండిగ తెచ్చాడు. దానికి అడుగున బెజ్జం వేసి, విజయవాడ నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న గీజర్ కాయిల్ బిగించాడు. ఆదివారం పదకొండింటికి మేనేజరు, ఇంకో ముగ్గురు వచ్చి దాన్ని చూడాలి. మేనేజరు ఈ ఇంటికి రావడం అదే మొదటిసారి.

ఆ ఉదయం బావ వట్టి నీళ్ళు పోసి మరిగించి చూస్తున్నాడు. హాల్లో లాప్‌టాప్ ముందున్నాడు.

నేను అతనితో చెప్పలేదు. అక్కతో చెప్పాను. అక్క లోపలి నుంచే పిలిచి, గుండిగ షాకు కొడుతోందట అంది. బావ వచ్చాడు. కాళ్ళకు ఆఫీసు బూట్లున్నాయేమో, గుండిగ మీద అరచెయ్యి ఆనించి మా ఇద్దరి వైపూ చూసి నవ్వాడు.

"ఏది వసూ షాకు? చిన్న లీకేజ్, అంతే. మా విజయవాడ ఇంట్లో ఫ్రిజ్ ఇరవయ్యేళ్ళు ఇలాగే కొట్టింది. చెప్పులేసుకుని తీసేవాళ్ళం. ఎవరన్నా పోయామా?"

అందులో అబద్ధమేమీ లేదు. మా ఇంట్లోనూ గ్రైండరు ముందు పీట వేసుకునే పిండి రుబ్బుతాం. మా వీధిలో చెప్పుల్లేకుండా ఇస్త్రీపెట్టె పట్టుకునే ఆడది లేదు. కరెంటు కొట్టే వస్తువును బాగు చేయించడం కాక, దానికి తగ్గట్టు మనం నడుచుకోవడమే అందరం నేర్చుకున్నాం. అందుకే బావ మాటను సగం నమ్మాను. మిగతా సగం నమ్మలేకపోవడానికి కారణం గురువారం సాయంత్రం నేను చూసిన పని.

ఆ సాయంత్రం గుండిగకు మొదటిసారి కరెంటు పెట్టాడు. స్విచ్చి వేయగానే ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. వీధి తలుపు పైన పెట్టెలో ఉండే పెద్ద స్విచ్చి కిందికి పడింది. ఎక్కడైనా కరెంటు దారి తప్పితే పడిపోయే స్విచ్చి అది. బావ కుర్చీ ఎక్కి దాన్ని పైకి తోశాడు. మళ్ళీ పడింది. మూడోసారీ పడింది. ఈ దేశంలో స్విచ్చిలకు భయమెక్కువ అని విసుక్కుని, ప్లగ్గు విప్పమని నాకు చెప్పాడు. స్క్రూడ్రైవరుతో విప్పింది నేనే. లోపల మూడు తీగలున్నాయి. ఆకుపచ్చ, పసుపు చారల తీగను బావ కత్తెరతో కత్తిరించి, చివరకు టేపు చుట్టి, మళ్ళీ మూత బిగించమన్నాడు. బిగించింది కూడా నేనే. ఆ తర్వాత స్విచ్చి పడలేదు. చూశావా, పోయింది ప్రాబ్లం అన్నాడు.

అది ఎర్తు తీగ అని నాకు తెలుసు. పంపుసెట్టు పక్కన ఉప్పూ బొగ్గూ వేసి పాతిన గొయ్యి, దాంట్లోకి దిగే తీగ చిన్నప్పటి నుంచి చూశాను. తెలిసి కూడా ఏమీ అనలేదు. బావ ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్. నేను మా ఊరి హైస్కూల్లో పది, టెక్కలిలో ఇంటరు. పైగా నేను ఈ దేశంలో ఉండడానికి ఇచ్చిన పాసు పొడిగింపు కాగితాల మీద సోమవారం అతనే సంతకం పెట్టాలి.

శనివారం మధ్యాహ్నం బావ కింది దుకాణం నుంచి మూడు జతల రబ్బరు చెప్పులు తెచ్చి వంటింటి గుమ్మం ముందు వరసగా పెట్టాడు. చెప్పుల్లేకుండా ఎవరూ లోపలికి వెళ్ళకూడదని ఆర్డరు వేశాడు. అక్క నీలం జత తీసుకుని, ఎన్నాళ్ళకు మొగుడు కొనిపెట్టాడని నవ్వింది. వేసుకునే వంట చేసింది.

సాయంత్రం ఆరింటికి అక్క కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, తడి పాదాలతో లోపలికి నడిచింది. దేవుడి అర వంటింట్లోనే ఉంది, సింకుకు పైన. ఫ్లాట్‌లో వేరే చోటు లేదు. దీపం వెలిగించడానికి అక్క మునివేళ్ళ మీద లేచి, ఎడమ చేత్తో ఆసరా కోసం పక్కన ఉన్నదాన్ని పట్టుకుంది. పక్కన ఉన్నది గుండిగ అంచు.

అప్పుడు దానికి కరెంటు లేదు. ప్లగ్గు తీసి ఉంది. అయినా ప్లగ్గు వైపు రెండోసారి చూశాను.

దేవుడి దగ్గరికి చెప్పులతో వెళ్ళడం అక్కకు ఊహలో కూడా రాని పని. బావకూ రాదు, అందుకే ఆర్డరు వేసేటప్పుడు అతనికి అది తట్టలేదు. రేపు ఆదివారం. అక్క తలంటుకుంటుంది. తడి జుట్టుతో, తడి కాళ్ళతో, చెప్పుల్లేకుండా ఇదే చోట నిలబడుతుంది. రేపు ఆ గుండిగ ఉదయం ఎనిమిది నుంచి కరెంటు మీద ఉంటుంది.

రేపు ఒక్కరోజుకు దీపం హాల్లో పెట్టుకోమని అక్కను అడిగాను. దేవుణ్ణి ఎక్కడికి మారుస్తామే, ప్లగ్గు తీసి పెట్టుకుంటాలే అంది. ఆ వారంలో అక్క రెండుసార్లు పప్పులో ఉప్పు మరిచిపోయింది. ఒకసారి స్టవ్వు వెలుగుతుండగానే పడుకుంది. ప్లగ్గు సంగతి గుర్తుంటుందన్న నమ్మకం నాకు కలగలేదు.

పాలకని చెప్పి కిందికి దిగి, బ్లాకు కింద ఉన్న పబ్లిక్ ఫోన్ నుంచి రామన్న మావకు ఫోన్ చేశాను. రామన్న మావది మా పక్క ఊరు. సెంబవాంగ్ షిప్‌యార్డులో పదేళ్ళుగా వర్క్ పర్మిట్ మీద ఎలక్ట్రీషియన్ పని. ఊరి నుంచి ఎవరు వచ్చినా అమ్మ ఆయనకూ ఒక పచ్చడి సీసా పంపుతుంది. నెలకో ఆదివారం వచ్చి తీసుకెళతాడు. వెనక ఏదో మిషను మోత వినిపిస్తోంది. జరిగింది మొత్తం చెప్పాను. చారల తీగ దగ్గరికి వచ్చేసరికి మోత లేని చోటికి నడిచినట్టున్నాడు, మాట తేటపడింది.

"తీగ కత్తిరించీసినాడా? మరి మీ అక్క కడుపుతోటున్నాది కదే."

"అందుకే మావా."

"నానొస్తాను. ఈరోజు ఓవర్‌టైము, యార్డు నుంచి ఒగ్గరు. రేప్పొద్దున్న పది గంటలకల్లా ఉంటాను. అందాకా నువ్వు దాన్ని కనిపెట్టుకునుండు. స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకీ."

ఆదివారం బావ ఏడింటికే లేచాడు. గుండిగలో నీళ్ళు పోసి, వేడెక్కాక మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టు సంచిలో కట్టి దింపాడు. అరవయ్యారు డిగ్రీల దగ్గర గంటసేపు నిలబడాలి. డిగ్రీలు తగ్గితే తీపి దిగదు, పెరిగితే చేదెక్కుతుంది అని చెబుతూ థర్మామీటరు గుచ్చాడు. ఉడికించిన అటుకుల్లాంటి వాసన ఇల్లంతా నిండింది. అతని మొహం చూస్తే నాకే ముచ్చటేసింది. పిల్లాడికి బొమ్మ దొరికినట్టుంది. తొమ్మిదిన్నరకు, కాచిన నీళ్ళు చల్లార్చడానికి ఐసు కావాలని సంచి తీసుకుని బయల్దేరాడు. చెప్పులు గుర్తుంచుకోమని నాకు చెప్పి, లిఫ్టు వైపు వెళ్ళాడు.

నేను వంటింటి గుమ్మంలోనే కూర్చుని కొత్తిమీర తుంచుతున్నాను. బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగింది. అక్క తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. మెడ మీద నుంచి నీళ్ళు జాకెట్టు వెనక్కి కారుతున్నాయి. చేతిలో నూనె గిన్నె ఉంది. గుమ్మం దగ్గర చెప్పులను కాలితో పక్కకు జరిపి లోపలికి వచ్చింది. గోడ మీద స్విచ్చి ఎర్రగా వెలుగుతోంది. అక్క దాని వైపు చూడనే లేదు.

అక్కా, ఆగు అన్నాను. ఏమిటే అంటూనే అడుగు వేసింది. కొత్తిమీర ఒళ్ళోంచి జారిపోగా లేచి, అక్క భుజానికి అడ్డంగా చెయ్యి పెట్టి, రెండో చేత్తో స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేశాను. అక్క ప్లగ్గు వైపు చూసింది, తన పాదాల వైపు చూసింది. నేల మీద ఆమె అడుగులు తడిగా, వరసగా ఉన్నాయి. మూడో అడుగు గుండిగకు జానెడు దూరంలో ఉంది.

ఈసారి గుండిగను పట్టుకోకుండా, గోడ ఆసరాతో దీపం పెట్టింది. 

బావ రెండు సంచుల ఐసుతో వచ్చేసరికి థర్మామీటరు అరవై ఒకటిలో ఉంది. ఎవరు ఆపారని అడిగాడు. నేనే అన్నాను. అక్క చెప్పుల్లేకుండా వచ్చిందని చెప్పాను.

"అయితే చెప్పులేసుకోమని చెప్పాలి. ప్లగ్గు పీకడమేంటి? నువ్వు పంపుసెట్టు ఇంజినీరువని మర్చిపోయాను."

నవ్వుతూనే అన్నాడు కాని చెవులు ఎర్రబడ్డాయి. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. దీపం అయిపోయిందిగా, ఇక ఎవరూ లోపలికి రావద్దన్నాడు. అక్క హాల్లో కూర్చుని జుట్టు తుడుచుకుంటోంది. ఆమె మా మాటలు వింటోందని తువ్వాలు ఆగిపోవడం చూస్తే తెలిసింది. నేను గోడ గడియారం చూశాను. పదింటికి పది నిముషాలుంది.

పదింటికి ఎవరూ రాలేదు. పది దాటి పది నిముషాలకూ రాలేదు. రైలు మారాలి, సెంబవాంగ్ ఆ చివర ఉంది అనుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. పది ఇరవైకి గేటు దగ్గర రామన్న మావ కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన గుడ్డ సంచి తగిలించుకుని ఉన్నాడు. లోపలికి వస్తూనే గాలి పీల్చి బావతో అన్నాడు.

"ఏటి బాబూ, సారా బట్టీ ఎట్టినారా? మా ఊర్లో అయితే ఈ వాసనకి ఎక్సైజు జీపు వచ్చీసును."

బావ నవ్వాడు. బీరు రామన్నా, నీకూ ఒక సీసా ఇస్తాలే, పచ్చడి కోసం వచ్చావా అన్నాడు. రామన్న మావ నా వైపు చూశాడు. ఆయనతో అబద్ధం చెప్పించడం నాకు ఇష్టం లేకపోయింది.

"నేనే పిలిచాను బావా. గుండిగ చూడమని."

బావ నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం మారాయి. ఇంటికి మేనేజరు వచ్చే గంటలో షిప్‌యార్డు మనిషిని పిలవడమేమిటని ఇంగ్లీషులో అక్కతో అన్నాడు. తర్వాత తెలుగులో, చూడు రామన్నా, చూసి నువ్వే చెప్పు దీనికి అని నా వైపు చెయ్యి చూపాడు.

రామన్న మావ దేన్నీ ముట్టుకోలేదు. ముందు సంచిలోంచి టెస్టరు తీసి గుండిగకు ఆనించాడు. టెస్టరు కడుపులో నారింజ రంగు వెలుగు కనిపించింది. దానికి బావ దగ్గర సమాధానముంది. పక్కన తీగ ఉంటే ఊరికే వెలుగుతుంది, దాంట్లో కరెంటు ఉన్నట్టు కాదు అన్నాడు. రామన్న మావ తలూపాడు. నిజమే బాబూ, టెస్టరు ఒట్టిదానికీ ఎలుగుద్ది అని ఒప్పుకుని, మళ్ళీ సంచిలో చెయ్యి పెట్టాడు. ఈసారి ఒక బల్బు, దానికి హోల్డరు, హోల్డరు నుంచి వేలాడే రెండు పొడుగాటి తీగలు బయటికి వచ్చాయి. మామూలు నలభై వాట్ల బల్బు. ఒక తీగ చివర కొక్కెం గుండిగ చేతిపిడికి తగిలించాడు. అక్కను ఇంకొంచెం దూరం జరగమన్నాడు. రెండో తీగ చివరను సింకు కుళాయికి ఆనించాడు.

బల్బు ఒక్క క్షణం వెలిగింది. వెంటనే ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ గొంతు ఆగింది. హాల్లో బావ లాప్‌టాప్ కీచుమంది. కింద ఆటస్థలంలో ఎవరో బంతి కొడుతున్న చప్పుడు ఇంట్లోకి స్పష్టంగా వచ్చింది.

"ఊరికే ఉన్న కరెంటుకి బల్బు ఎలగదు బాబూ" అన్నాడు రామన్న మావ మెల్లగా.

బావ తలుపు పైన పెట్టె వైపు చూపించాడు. స్విచ్చి పడింది కదా, అదే సేఫ్టీ కదా, ఎవరికైనా తగిలినా అలాగే పడుతుంది కదా అన్నాడు. అతను మూర్ఖంగా అనలేదు. నిజంగానే లెక్క వేసి అన్నట్టున్నాడు.

"పడింది. బల్బులోంచి పోయినాక పడింది. రేపు మనిషిలోంచి పోయినాక పడుద్ది. అప్పుడూ పడతాదని సెప్పీవోడు మా యార్డులో ఒక్కడూ లేడు. అది పడకపోబట్టి ఎల్లిపోయినోడు మాత్రం ఒకడున్నాడు, నా పక్క మంచపోడు. ఈ కాయిలు లోన సిట్లిపోనాది. కొత్తది ఎయ్యాల, ఎర్తు కలపాల. ఈరోజుకి ఒగ్గీండి."

బావ ఫోన్ మోగింది. అవతల మేనేజరు. బావ గొంతు మార్చి ఉత్సాహంగా మాట్లాడాడు. వాళ్ళు టాంపినీస్ స్టేషన్లో దిగారు, పావుగంటలో వస్తున్నారు. ఫోన్ పెట్టేశాక కాసేపు గుండిగ వైపు చూస్తూ నిలబడ్డాడు. పైన నురగ కట్టి, అంచులకు గోధుమరంగు పట్టింది. ఆరు వారాల పని అది.

తర్వాత చాలా నిదానంగా, అందరికీ సర్దిచెబుతున్నట్టు మాట్లాడాడు. రామన్న చెప్పింది కరెక్టే, రేపే కొత్త కాయిల్ కొంటాను. ఈ ఒక్కసారికి గంటసేపు మరిగిస్తే అయిపోతుంది. వంటింట్లోకి ఎవరూ రావద్దు, నేనొక్కణ్ణే బూట్లు వేసుకుని ఉంటాను, వాళ్ళను గుమ్మంలోంచే చూడమంటాను. అలా అంటూనే కుర్చీ ఎక్కి పెట్టెలో స్విచ్చి పైకి తోశాడు. ఫ్యాను తిరగడం మొదలైంది. గుండిగ స్విచ్చిని అంతకుముందే రామన్న మావ ఆపి, తన తీగలు తీసేసి ఉన్నాడు. బావ వంటింట్లోకి వెళ్ళి ఆ స్విచ్చి మీద వేలు పెట్టాడు.

అక్క సోఫాలోంచి లేచింది. ఈ రోజుల్లో లేవాలంటే చెయ్యి ఊతం కావాలి ఆమెకు. ఊతం తీసుకుని లేచి, తువ్వాలు కుర్చీ మీద వేసి, ఎవరినీ తోసుకోకుండా నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది. గుండిగకూ సింకుకూ మధ్య నిలబడింది. కుడిచేత్తో గుండిగ చేతిపిడి పట్టుకుంది. అది వేడిగా ఉండి ఉంటుంది, ఒకసారి వేళ్ళు సర్దుకుంది. ఎడమచేత్తో కుళాయి పట్టుకుంది.

"ఇప్పుడు వెయ్యండి" అంది.

బావ అక్కను చూశాడు.

"లేఖా, చెయ్యి తియ్యి."

"మీరు వెయ్యండి. గంటేగా."

గొంతు పెంచలేదు. ఉప్పు అందుకోమన్నట్టు అంది. రామన్న మావ ప్లగ్గు వైపు చెయ్యి చాపబోతే, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేను అక్క చేతుల వైపే చూస్తున్నాను. రెండు పిడికిళ్ళూ బిగిసి ఉన్నాయి. వాటి మధ్య, చీర కింద, ఆరు నెలల పొట్ట.

బావ వేలు స్విచ్చి మీదే ఉంది. కొంచెం నొక్కితే కరెంటు వచ్చే స్విచ్చి. అతని గోరు తెల్లబడింది, నొక్కినందుకు కాదు, నొక్కకుండా ఆపుకుంటున్నందుకు. అంత దగ్గర నుంచి చూస్తే అది తెలుస్తుంది. రెండోసారి ఫోన్ మోగింది.  మోగి మోగి ఆగింది.

అతను వేలు తీశాడు. ప్లగ్గు పట్టుకుని మెల్లగా బయటికి లాగి, తీగను చుట్ట చుట్టి గుండిగ మూత మీద పెట్టాడు. అక్క అప్పుడు చేతులు వదిలింది. కుడి అరచేతిలో ఎర్రటి చార పడింది. కుళాయి తిప్పి ఆ చెయ్యి నీళ్ళ కింద పెట్టుకుంది, వెనక్కి తిరగకుండా.

బావ హాల్లోకి వెళ్ళి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అద్దంలో చూసుకోకుండానే జుట్టు సవరించుకున్నాడు. నా పక్క నుంచి, రామన్న మావ పక్క నుంచి దాటి, ఇనుప గేటు తీసి, దగ్గరికి వేసి, లిఫ్టు కోసం ఆగకుండా, పైకి రాకముందే మేనేజరు వాళ్ళకు ఎదురెళ్ళడానికి మెట్లు దిగిపోయాడు.